ముప్పయ్యొకటి - నలభై

అట్టపెట్టె మీద అచ్చేసిన నంబరది.
పౌండుకు ముప్పయ్యొకటి నుంచి నలభై రొయ్యలు తూగితే
ఆ పెట్టెలో పడతాయి.
ఇప్పుడది నెల్లూరు ట్రంకు రోడ్డులో
నాలుగు మొహాల కింద ఎర్రగా వెలుగుతుంటే
తూకం రాసే నాకు
పెన్ను కోసం చెయ్యి జేబులోకి పోతుంది.

ముత్తుకూరు రోడ్డులో మా షెడ్డు.
రాత్రి షిఫ్టు. మూడో బల్ల.
ఐసు నీళ్లలో వేళ్లు
రెండు గంటలకల్లా ఎవరివో అయిపోతాయి.
కునుకొస్తే చాకు జారుద్ది,
జారితే కిలోకింతని కోత.
రేడియో పెట్టకూడదు. మాట్లాడకూడదు.
పాడకూడదని మాత్రం ఎవరూ బోర్డు రాయలా.

మొదలుపెట్టింది పెంచలమ్మ. పాట కూడా కాదు, లెక్క.
తల గిల్లి, పెంకు ఒలిచి, నరం లాగి, గిన్నెలో.
తల గిల్లి, పెంకు ఒలిచి.
ఎదురుగా ఎస్తేరు
చర్చిలో అలవాటైన వరసొకటి దాని మీద పరిచింది.
మస్తానీ ఆ రెంటి సందున
దారంలా దూరింది.
చెంగమ్మ చాలా రోజులు నోరు తెరవలా.
తెరిచిన రాత్రి
కోల్డ్ స్టోరేజి మోటారు మొరాయిస్తుందేమోనని
సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.
అంత కింద నుంచొచ్చే గొంతు ఆడమనిషిదని
తట్టలేదు పాపం.

చెప్పకపోతే తప్పు, నేనూ పాడా.
పదకొండు రోజులు.
పన్నెండో రోజు మస్తానీ నా వైపు చూడకుండా
"అక్కా, నువ్వు తూకం చూసుకో" అంది.
నిజమే. నా శ్రుతి మా త్రాసు లాంటిది,
రోజూ కొంచెం పక్కకి జరుగుద్ది.

తెల్లారుజామున కంపెనీ వ్యానులో
డ్రైవరు ఖాజావలి
అద్దానికి ఫోను ఆనించి తీశాడు, చెప్పకుండా.
తోటపల్లి గూడూరు దాటేలోగా లోకం మీదికి వదిలేశాడు.
మర్నాటి రాత్రి
మా ఫోన్లన్నీ గేటు దగ్గర డబ్బాలో పెట్టి తాళమేసుంటే
బయట మమ్మల్ని, అంటే వాళ్లని,
లక్షమంది విన్నారంట.
లోపల నేను యాభై మూడు కిలోలని రాశా.

ఆ ఏడు రొట్టెల పండక్కి
మస్తానీ చెరువులో దిగి నిలబడింది.
పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె.
"పాట రొట్టె ఉందా?" అంటే నవ్వారు.
ఒక ముసలామె మాత్రం ఇంటి రొట్టెలో సగం తుంచిచ్చి
"ఇల్లు కట్టుకో, దాంట్లో పాడుకో" అందంట.

హైదరాబాదులో గాజు గది. మనిషికో మైకు.
ఎవరికీ గొంతు పెగల్లేదు.
"చేతులు ఖాళీగా ఉంటే ఎట్టయ్యా?" అంది చెంగమ్మ.
చివరికి క్యాంటీను నుంచి బల్ల మోయించారు.
ఇద్దరిటు, ఇద్దరటు. స్టీలు గిన్నె. నీళ్లలో ఐసు.
అప్పుడొచ్చింది పాట.
ఒకరిని ముందు నిలబెడదాం, ఆ బొంగురు గొంతావిడని
చివరికి జరుపుదామన్నాడు కళ్లద్దాలాయన.
"మా బల్లకి చివర లేదు సార్" అంది పెంచలమ్మ,
అని గిన్నె ఎత్తుకుంది, వెళ్లిపోయే దానిలా.

వాళ్లిప్పుడు ఇటు రారు, వచ్చినా కారద్దం దించరు.
కాదు, అబద్ధం.
మొన్న చెంగమ్మ వచ్చింది, పీఎఫ్ కాయితాల కోసం.
నా చేతులు తిప్పి చూసి
"ఇంకా పగుల్తుండాయా?" అంది.
తనవి నున్నగా అయినందుకు
కొంగు కింద దాచుకుంది.
మూడో బల్ల మీద ఇప్పుడు ఒరిస్సా పిల్లలు.
వాళ్ల లెక్క నాకింకా పట్టుబడలా.

నిన్న మా వీధి బడిలో వార్షికోత్సవం.
పద్నాలుగు మంది పిల్లలు, తళుకు గౌన్లు,
ఆ పాటకే స్టెప్పులు:
గిల్లు, ఒలువు, లాగు, విసురు.
చూసేవాళ్లకి అది డాన్సు. ఈలలు, చప్పట్లు.
నేను కుర్చీలోంచి సగం లేచి
చివరి పిల్లకి చెప్పబోయి ఆగా:
నరం అట్టా లాగకూడదు పాపా,
తెగిపోద్ది.